హాఫ్‌వే హోమ్‌కి పంపే ముందు, అక్కడున్నన్నాళ్లు, బయటికొచ్చాక

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఖమ్మంలో అమ్మానాన్నల దగ్గరుండే 32 ఏళ్ల తమ్ముడికి తొమ్మిదేళ్లుగా స్కిజోఫ్రెనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు. మూడోసారి ఆసుపత్రిలో చేరి, ఒలాంజపిన్ అనే మందుతో నిలకడపడ్డాడు. సిగరెట్ల అలవాటుంది. నాన్నగారు రిటైరైన ప్రభుత్వోద్యోగి. డిశ్చార్జి సమయంలో డాక్టర్ హాఫ్‌వే హోమ్ (ఆసుపత్రి తర్వాత కొన్నాళ్లుండి సొంతంగా బతకడం నేర్చుకునే చోటు) సంగతి ఎత్తారు. చుట్టాల్లో ఒకరు పెళ్లి చేయమంటున్నారు, ఇంకొకరు ఎక్కడైనా శాశ్వతంగా చేర్పించేయమంటున్నారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న అక్క అడుగుతున్నారు: అక్కడుంటే సొంతంగా బతకడం నేర్చుకుంటాడా, ఎన్నాళ్లు ఉంచాలి, మంచి హోమో కాదో ఎలా తెలుస్తుంది?

నేర్చుకుంటాడు. అయితే అక్కడ ఉన్నంత మాత్రాన రాదు. హోమ్‌లో చేరిన రోజు మాత్రల డబ్బా, డబ్బులు, గేటు తాళం మూడూ సిబ్బంది దగ్గరే ఉంటాయి. వెళ్లిపోయే రోజుకి మూడూ మీ తమ్ముడి చేతిలో ఉండాలి. ఏ నెలలో ఏది ఎంతవరకు చేతికిస్తారో మేనేజర్ చెప్పగలిగితే అది హాఫ్‌వే హోమ్. "ముందు కుదురుకోనివ్వండి, తర్వాత చూద్దాం" అంటే అది తిండి పెట్టి పడుకోబెట్టే చోటు, అంతే. అక్కడ ఆర్నెల్లు ఉన్నా ఆరేళ్లు ఉన్నా తేడా రాదు.

పేర్ల గందరగోళం ఒకటుంది. మన ఊళ్లలో "రీహాబిలిటేషన్ సెంటర్" అని బోర్డు కనిపిస్తే చాలాసార్లు అది తాగుడు మాన్పించే కేంద్రం. అక్కడి కఠినమైన దినచర్య, తాళాలు, అరుపులు స్కిజోఫ్రెనియా మనిషికి పనికిరావు, మళ్లీ జబ్బు తిరగబెట్టడానికి దారి తీస్తాయి. లాంగ్‌స్టే హోమ్ అంటే వెళ్లిపోవాలన్న ఆలోచనే లేని చోటు. గ్రూప్ హోమ్ అంటే మామూలు వీధిలో మామూలు ఇల్లు, నలుగురైదుగురు కలిసి ఉంటారు, సాయానికి ఒక మనిషి ఉంటారు. చెన్నైలో ది బానియన్ సంస్థ 2015 నుంచి "హోమ్ అగైన్" పేరుతో నడుపుతున్నవి ఈ పద్ధతివే. హాఫ్‌వే హోమ్ ఆసుపత్రికీ ఇలాంటి ఇంటికీ మధ్య మెట్టు. సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాదిన్నర. మూడు నెలల్లో "తయారు చేసి పంపిస్తాం" అనేవాళ్లనీ, రెండేళ్లు దాటినా తేదీ చెప్పనివాళ్లనీ ఒకేలా అనుమానించండి.

చట్టం సంగతి నాలుగు ముక్కల్లో చెప్తాను, ఎందుకంటే హోమ్‌కి వెళ్లినప్పుడు ఇవే మీ ప్రశ్నలు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం ఇలాంటి చోటు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర రిజిస్టరై ఉండాలి (సెక్షన్ 65). సర్టిఫికెట్ చూపించమనండి, ఫొటో తీసుకోండి. రెండోది, మీ తమ్ముడు పెద్దవాడు, నిలకడగా ఉన్నాడు కాబట్టి చేరిక అతని సొంత సంతకం మీద జరగాలి. మీతో ఏడాది బాండు రాయించుకుని, "మధ్యలో అడిగినా పంపం" అంటే ఆ కాగితం చెల్లదు. కుటుంబం తరఫున ఒప్పుకోలుతో అతని ఇష్టం లేకుండా చేర్చడానికి వేరే సెక్షన్ ఉంది, దానికి వేరే షరతులున్నాయి, మొదటి గడువు 30 రోజులే. సెక్షన్ 20 కింద జుట్టు బలవంతంగా గొరిగించకూడదు, యూనిఫాం వేసుకోమని ఒత్తిడి చేయకూడదు, పని బలవంతంగా చేయించకూడదు, ఇష్టపడి చేస్తే డబ్బివ్వాలి. చాలా చోట్ల గిన్నెలు కడిగించడం, తోట పని, కొత్తవాళ్లకి స్నానాలు చేయించడం అన్నీ "థెరపీ" ఖాతాలో రాస్తారు. తన కంచం తాను కడుక్కోవడం నేర్పు. నలభై మంది కంచాలు కడగడం జీతం లేని ఉద్యోగం.

చూడ్డానికి ఆదివారం వెళ్లకండి. ఆదివారం అందరికీ స్నానాలు చేయించి, ఉతికిన బట్టలు తొడిగి కూర్చోబెడతారు. మంగళవారమో బుధవారమో పొద్దున పదకొండుకి వెళ్లండి. ఆ టైములో సగం మంది మంచాల మీద పడి నిద్రపోతుంటే మందు డోసులు ఎక్కువగా ఉన్నాయనో, చేయడానికి పనేమీ లేదనో అర్థం. బాత్‌రూమ్ తలుపుకి లోపల గడియ ఉందా చూడండి. ఉండాలి, అవసరమైతే బయటి నుంచి తీయగలిగే రకం. మాత్రల బీరువా తెరిపించండి: ఒక్కొక్కరి పేరు మీద విడి డబ్బా, విడి చీటీ ఉండాలి. ఒకే పెద్ద డబ్బాలోంచి దోసిట్లో పోసి అందరికీ పంచే చోట తమ్ముణ్ణి వదలకండి. వంటింటికి అక్కడున్నవాళ్లు వెళ్లగలరా, గ్యాస్ పొయ్యి ముట్టుకోనిస్తారా అడగండి. ఆఖరి ప్రశ్న అన్నిటికన్నా పదునైనది: "పోయిన ఏడాది ఇక్కణ్ణించి ఎంతమంది వెళ్లారు? ఇప్పుడు ఎక్కడుంటున్నారు?" పేర్లు అక్కర్లేదు. "ఒకతను హాస్టల్లో ఉంటూ మెడికల్ ఏజెన్సీలో ప్యాకింగ్ చేస్తున్నాడు, ఇద్దరు ఇళ్లకెళ్లారు, ఒకతను తిరిగొచ్చాడు" అనే తీరు జవాబు కావాలి. తిరిగొచ్చిన మనిషిని కూడా దాచకుండా చెప్పే హోమ్‌ని నమ్మొచ్చు.

ఫీజు మాట్లాడేటప్పుడు డాక్టర్ విజిట్, మందులు, రక్తపరీక్షలు అందులో కలిసున్నాయా, విడిగా తీసుకుంటారా, డిపాజిట్ ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారు, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. "ఒక్కసారి ఇన్ని లక్షలు కట్టండి, జీవితాంతం మేం చూసుకుంటాం" అనే మాట వినగానే లేచి వచ్చేయండి.

చేర్చే ముందు ఇంట్లో చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని చాలామంది మర్చిపోతారు: బయటికొచ్చాక ఎక్కడుంటాడో ముందే రాసుకోవడం. ఖమ్మం ఇంట్లోనా, మీకు దగ్గర్లో గదిలోనా, హాస్టల్లోనా? తర్వాత మారినా ఫర్వాలేదు, ఒక చిరునామా ఉండాలి. అతను హోమ్‌కి వెళ్లిన నెలకే అతని గది ఖాళీ చేసి స్టోర్‌రూమ్ చేయడం, మంచం చుట్టాలకిచ్చేయడం మామూలుగా జరిగే పని. పండక్కి ఇంటికొచ్చి అది చూసిన మనిషికి ఇక తిరిగి రావడం గురించి ఎవరేం చెప్పినా ఎక్కదు. గది అలాగే ఉంచండి. ఇంకోటి, చట్టంలోని సెక్షన్ 14 కింద తన తరఫున మాట్లాడే మనిషిని అతనే నియమించుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసి సంతకం చేయాలి, ఆ మనిషి కూడా ఒప్పుకుంటున్నట్టు రాసివ్వాలి. ఇప్పుడు నిలకడగా ఉన్నాడు కాబట్టి ఇప్పుడే రాయించండి. జబ్బు ముదిరాక అందరూ కంగారులో ఉంటారు.

ఇక మాత్రలు. సొంతంగా బతకడం అనే విషయంలో సగం పని ఇక్కడే ఉంది.

మొదటి రెండు వారాలు సిబ్బంది ఇస్తారు, ఎదురుగా వేసుకుంటాడు. ఈలోగా నేర్చుకోవాల్సింది తన మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, దేనికి. "రాత్రి తెల్ల మాత్ర" అంటే కుదరదు. కంపెనీ మారితే రంగు మారుతుంది, అప్పుడు తప్పు మందు అనుకుని పారేస్తారు. మూడో వారం నుంచి డబ్బా సిబ్బంది దగ్గరే ఉంటుంది, కానీ టైముకి వచ్చి అడగాల్సింది అతను. అరగంట దాటితే గుర్తు చేసి, గోడ మీది క్యాలెండర్లో ఆ తేదీకి ఒక గీత పెడతారు. వారానికి ఆరు గీతలు ఒకటికి తగ్గేదాకా ముందుకెళ్లకూడదు, అది నాలుగు వారాలు పట్టినా పది వారాలు పట్టినా సరే. తర్వాత ఏడు గళ్ల మాత్రల డబ్బా. ఆదివారం సాయంత్రం తానే నింపుకుంటాడు, సిబ్బంది ఒకసారి చూస్తారు, డబ్బా అతని షెల్ఫులోనే ఉంటుంది. వారం మధ్యలో చెప్పకుండా ఒకసారి లెక్క చూస్తారు. బుధవారం రాత్రి గడి బుధవారం రాత్రే ఖాళీ కావాలి, గురువారం మధ్యాహ్నం కాదు.

అది కుదిరాక నెల మందు తానే కొనుక్కోవడం. తప్పేది ఇక్కడే, తప్పే తీరు కూడా ఎప్పుడూ ఒకటే. స్ట్రిప్పులో పది మాత్రలుంటాయి, మూడు స్ట్రిప్పులు కొంటాడు, నెలకి 31 రోజులు. ఇంకో మందు పదిహేను మాత్రల స్ట్రిప్పు, అది ఇంకో రోజు అయిపోతుంది. అయిపోయింది ఆదివారం రాత్రో, పండగ రోజో అవుతుంది, షాపు మూసుంటుంది, "ఒక్కరోజే కదా" అనుకుంటాడు, మూడు రోజులవుతుంది. దీనికి విరుగుడు: ఏడు మాత్రలు మిగిలాయంటే అయిపోయినట్టే లెక్క. ఆఖరి స్ట్రిప్పులో నాలుగోది, మూడోది మధ్య స్కెచ్ పెన్నుతో గీత గీసే అలవాటు చేయించండి. గీత దాకా వచ్చిన రోజే షాపుకెళ్లాలి. ఒక పూట మర్చిపోతే మర్నాడు రెండు కలిపి వేసుకోకూడదు. అలాంటప్పుడు ఏం చేయాలో డాక్టర్‌ని ముందే అడిగి చీటీ మీద రాయించండి. సెల్‌ఫోన్ అలారం మీద ఆధారపడకండి, నిద్రమత్తులో నొక్కేస్తాడు. డబ్బా రాత్రి అన్నం కంచం పక్కనో, టూత్‌బ్రష్ పక్కనో ఉండాలి.

ఎంత చేసినా రోజూ మాత్ర వేసుకోవడం అతని వల్ల కాకపోతే అది ఓటమేం కాదు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేసే ఇంజెక్షన్లున్నాయి. ఒంటరిగా ఉండబోయేవాళ్లకి అవి చాలా సుఖం. డాక్టర్, అతను కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి.

సిగరెట్ల విషయం మీరు పక్కమాటగా రాశారు కానీ అది చిన్నది కాదు. పొగ ఒలాంజపిన్‌నీ, ఇదే జబ్బుకి వాడే క్లోజపిన్ అనే ఇంకో మందునీ లివర్‌లో త్వరగా కరిగించేస్తుంది. ఇది నికోటిన్ వల్ల కాదు, పొగ వల్ల. ఆసుపత్రిలో సిగరెట్ లేనప్పుడు కుదిరిన డోసు, బయటికొచ్చి రోజుకో పెట్టె కాలిస్తే చాలదు. మాత్రలు సరిగ్గానే వేసుకుంటున్నాడు, అయినా నెలకల్లా గొంతులు వినిపిస్తున్నాయి, ఇంట్లోవాళ్లేమో "దొంగచాటుగా పారేస్తున్నాడు" అని తిడతారు. అటు నుంచి చూస్తే, ఉన్నట్టుండి సిగరెట్ మానేస్తే అదే డోసు ఎక్కువై రోజంతా మత్తుగా పడుంటాడు. మానాలన్నా, మొదలుపెట్టాడన్నా డాక్టర్‌కి చెప్పండి. హోమ్‌లో రోజుకి ఎన్ని కాలుస్తున్నాడో రాసి ఉంచమనండి. ఒలాంజపిన్‌తో ఆకలి, బరువు పెరుగుతాయి. నెలకోసారి బరువు, డాక్టర్ చెప్పినప్పుడల్లా షుగర్ చూపించాలి. ఎవరైనా క్లోజపిన్ మీదుంటే మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష తప్పదు, జ్వరం, గొంతునొప్పి వస్తే ఆ రోజే పరీక్ష. ఆ మందుతో వచ్చే మలబద్ధకాన్ని కూడా తేలిగ్గా తీసుకోకూడదు.

వంట దగ్గర పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. అన్నం, పప్పు, గుడ్డు, చారు. ఈ నాలుగూ వస్తే మనిషి బతికేస్తాడు, కూర కర్రీ పాయింట్‌లో కొనుక్కుంటాడు. మందుల వల్ల చేతులు వణికేవాళ్లు గంజి వార్చకూడదు. మసిగుడ్డతో గిన్నె వంచినప్పుడు మూత జారి కాళ్ల మీద పడే ప్రమాదం ఎక్కువ. అత్తెసరు పెట్టడం నేర్పండి, అంతకన్నా కరెంటు కుక్కర్ మేలు: గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు, స్విచ్, అంతే. గ్యాస్ దగ్గర ఒక్కటే నియమం, పొయ్యి ఆపడంతో పని అయిపోదు, రెగ్యులేటర్ తిప్పాకే అయినట్టు. వంటింటి గుమ్మం దగ్గర, వెళ్లేటప్పుడు కంటికి ఎదురుగా కనబడేలా ఆ మాట రాసి అతికించండి.

డబ్బు విషయంలో రోజుకి యాభైతో మొదలుపెట్టి, తర్వాత సోమవారం సోమవారం 350 ఒకేసారి, ఆపైన పదిహేను రోజులకి, చివరికి నెలకి. తిండి, మందులు ఈ లెక్కలోకి రాకూడదు. గురువారానికే అయిపోయిందని ఫోన్ చేస్తాడు. అప్పుడు మీరు ఫోన్‌పేలో రెండొందలు పంపితే నెల రోజుల పని పోయినట్టే. అన్నం ఉంది, మందులున్నాయి, సోమవారం దాకా సిగరెట్ ఉండదు. ఈ కటువు నాలుగు వారాలు పడితే చాలు, సాధారణంగా ఐదో వారానికి లెక్క రాసుకోవడం మొదలెడతారు. అతని ఖాతాలో పెద్ద మొత్తం ఉంచకండి. యూపీఐ సర్కిల్ అని ఉంది, మీ ఖాతా నుంచి నెలకి 15,000 లోపు మీరు పెట్టిన పరిమితిలో అతను ఖర్చు పెట్టుకోవచ్చు, ప్రతి ఖర్చూ మీకు కనబడుతుంది. లోన్ యాప్‌లు, "నీ అకౌంటు మాకు వాడుకోనీ, ఐదువేలిస్తాం" అనేవాళ్లు ఇలాంటి కుర్రాళ్లనే వెతుక్కుంటూ వస్తారు. పాస్‌బుక్కు, సిమ్ కార్డు, ఏటీఎం కార్డు ఎవరికీ ఇవ్వకూడదని పదిసార్లు చెప్పాలి, పదకొండోసారి అడిగి చూడాలి.

గేటు దాటడం మీద ఎక్కువ రాయను. ముందు మనిషి తోడుగా షాపుకి, తర్వాత ఒక్కడే షాపుకి, తర్వాత బస్సెక్కి డాక్టర్ దగ్గరికి. డాక్టర్ దగ్గరికి ఒక్కడే వెళ్లి, చీటీ తెచ్చుకుని, మందు కొనుక్కుని తిరిగొచ్చిన రోజు రాసిపెట్టుకోండి. బయటికి పంపే తేదీ గురించి మాట్లాడటం అప్పటి నుంచి మొదలుపెట్టొచ్చు.

ఎక్కడికి? ఇల్లు అందరికీ సరైన జవాబు కాదు. ఇంట్లో రోజూ దెప్పిపొడుపులు, "ఇంత వయసొచ్చి..." అనే మాటలు నడిచేచోట జబ్బు తిరగబెట్టడం ఎక్కువని మనోవైద్యంలో ఎప్పటి నుంచో తెలిసిన విషయమే. అమ్మానాన్నలు చెడ్డవాళ్లని కాదు, తొమ్మిదేళ్లుగా అలిసిపోయారు. అందుకని మీ ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో గది, లేదా తిండి పెట్టే మెన్స్ హాస్టల్ చూడమంటాను. హాస్టలైతే అమీర్‌పేట్ లాంటి కోచింగ్ కుర్రాళ్ల గోల ఉన్నచోటు వద్దు, రాత్రి రెండింటి దాకా లైట్లార్పరు, నిద్ర చెడితే అన్నీ చెడతాయి. ఇద్దరు షేరింగ్‌లో, ఉద్యోగస్థులుండేది చూడండి. గది అద్దెకైతే 11 నెలల అగ్రిమెంటు అతని పేరు మీదే రాయించి, మీరు సాక్షి సంతకం చేయండి. ఓనరుకి జబ్బు సంగతి చెప్పాలా అంటే, చెప్పాల్సిన చట్టమేమీ లేదు. మీ నంబరు మాత్రం ఇచ్చి "ఏదైనా ఉంటే ముందు నాకు చేయండి" అని చెప్పండి.

ఒకేసారి మార్చేయకండి. ముందు రెండు రాత్రులు, వెనక్కి. తర్వాత వారం, వెనక్కి. తర్వాత పదిహేను రోజులు. ఈ మధ్యకాలంలో హోమ్‌లో అతని మంచం ఖాళీగా ఉంచుతారా, దానికి ఎంత కట్టాలి, బయటికొచ్చిన మూడు నెలల్లో ఇబ్బందైతే పది పదిహేను రోజులు తిరిగి తీసుకుంటారా? ఈ మూడూ చేరేనాడే రాతపూర్వకంగా అడగాల్సినవి.

బయటికొచ్చాక మొదటి వారం అంతా బాగుంటుంది. రెండో వారం నుంచి నాలుగో వారం దాకా గడ్డుకాలం. హోమ్‌లో గోల ఉండేది, ఇక్కడ సాయంత్రాలు నిశ్శబ్దం. వారానికి రెండుసార్లు మనిషి వెళ్లి కలవాలి, ఫోన్ చాలదు, ఫోన్‌లో అందరూ "బాగున్నానక్కా" అనే అంటారు. వెళ్లినప్పుడు మంచి చెడ్డలు అడిగే ముందు కళ్లతో చూడండి: మాత్రల డబ్బా, చెత్తబుట్ట, బకెట్లో నానేసిన బట్టలు, దుప్పటి. జబ్బు మళ్లీ వచ్చేముందు ఒక్కొక్కరికి ఒక్కో గుర్తు ఉంటుంది. పోయిన మూడుసార్లూ ముందుగా ఏం జరిగిందో మీరూ అమ్మా అతనూ కూర్చుని ఒక కాగితం మీద రాయండి. రెండు రాత్రులు నిద్రలేకపోవడమా, అన్నం వాసన చూసి తినడమా, ఫోన్ స్విచాఫ్ చేయడమా. అలాంటి మూడు గుర్తులు, ఒక్కోదానికి ఎదురుగా ఏం చేయాలి, డాక్టర్ నంబరు, అడుగున టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416. అది 24 గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ కాగితం గోడ మీద అతని చేతిరాతలోనే ఉండాలి.

ఉద్యోగం మొదటి రెండు నెలల్లో వద్దు, తర్వాత రోజుకి నాలుగు గంటలతో మొదలుపెట్టొచ్చు. పొద్దున లేవలేకపోతే రాత్రి మందు పదింటికి బదులు ఎనిమిదింటికి వేసుకోవచ్చా అని డాక్టర్‌ని అడగండి. బద్ధకం అనుకున్నది చాలామందిలో ఆ రెండు గంటలే.

పెళ్లి గురించి అడిగారు. పెళ్లి మందు కాదు. రెండేళ్లు సొంతంగా ఉండి, తనకి కావాలని తనే అంటే, అవతలి పిల్లకి అన్నీ చెప్పాక, అప్పటి మాట.

చివరిగా కాగితాలు. యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్‌లో దరఖాస్తు చేసి వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. 40 శాతం ఉంటేనే ఉపయోగం. మానసిక జబ్బుకి నాలుగు విషయాలు చూస్తారు: తన పనులు చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాటలు అర్థం చేసుకుని చెప్పగలగడం, ఉద్యోగం. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, ఆపైన జబ్బు ఎన్నాళ్లుగా ఉందో. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసి తీసుకెళ్లి "ఇప్పుడు బాగానే ఉన్నాడండీ" అనకండి, తొమ్మిదేళ్ల చీటీలు, మూడు డిశ్చార్జి సమ్మరీలు పట్టుకెళ్లండి. తెలంగాణలో దివ్యాంగుల పింఛను నెలకి 4,016 రూపాయలు, మీకు వర్తిస్తుందో లేదో మున్సిపల్ ఆఫీసులో తెలుస్తుంది. అంతకన్నా పెద్దది నాన్నగారి పింఛను. ప్రభుత్వోద్యోగి సంతానం మానసిక వైకల్యంతో సొంతంగా సంపాదించుకోలేని స్థితిలో ఉంటే, తల్లిదండ్రుల తర్వాత కుటుంబ పింఛను జీవితాంతం వస్తుంది. దీనికి సంపాదన షరతులున్నాయి కాబట్టి అతను చేరబోయే ఉద్యోగం దీన్ని ఎలా తాకుతుందో ముందే కనుక్కోండి. నాన్నగారు ఉండగానే, ఆయన సంతకంతోనే, ధ్రువపత్రం జత చేసి కుమారుడి పేరు పింఛను రికార్డులో ఎక్కించాలి. ఆయన పోయాక చేయబోతే జబ్బు అప్పటికే ఉందని నిరూపించుకుంటూ ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. హోమ్ వెతకడానికి ఇంకో నెల పట్టినా ఫర్వాలేదు, ఈ పని మాత్రం ఈసారి ఖమ్మం వెళ్లినప్పుడే మొదలుపెట్టండి.